నిదానం మెడకు చుట్టుకున్న రెక్కల గుర్రం

మా బావమరిదిని ఊరంతా నిదానం అని పిలిచేవారు. నెమ్మదిగా నడుస్తాడని కాదు, నడకలో వాడిని అందుకోవడం నా వల్ల అయ్యేది కాదు. ఏ మాటైనా వాడి చెవిన పడ్డాక బుర్రకు చేరడానికి చాలాసేపు పట్టేది, అందుకని ఆ పేరు. పొద్దున ఎవరైనా వాడి మీద హాస్యమాడితే మధ్యాహ్నం భోజనం దగ్గర కూర్చుని ఉన్నట్టుండి నవ్వేవాడు. "ఏమైందిరా?" అంటే "ఇప్పుడర్థమైంది బావా" అనేవాడు. ఆటపట్టించింది తననేనని తెలిశాక కూడా ఆ నవ్వు ఆగేది కాదు. వాడితో వచ్చిన చిక్కే అది. కోపం తెచ్చుకుందామంటే తెచ్చుకోనిచ్చేవాడు కాదు.

నేను జీనులు కుట్టుకుని బతికేవాడిని. నాకు కోపం ముక్కు మీద ఉంటుందని అందరూ అంటారు. నా భార్య అయితే నాకసలు ముక్కే లేదని, అక్కడున్నదంతా కోపమేనని అంటుంది. నిదానం ఆమె తమ్ముడు. తల్లి పోయాక వాడిని ఎత్తుకుని పెంచింది ఆమే. మా పెళ్ళయినప్పుడు ఆమె వెంట ఒక పెట్టె, ఈ తమ్ముడు వచ్చారు. పెట్టె తాళం ఎప్పుడో పోయింది. వీడు మాత్రం మా ఇంట్లోనే పెరిగి, మా గుమ్మానికి తల తగిలేంత పొడుగయ్యాడు.

కత్తి చేతికిస్తే మాత్రం వాడు వేరే మనిషి. సాము నేర్పే గురువు "ఎడమ పక్క కొట్టు" అంటే, "నా ఎడమా, వీడి ఎడమా?" అని అడిగేవాడు. వాడు అడుగుతూ ఉండగానే ఎదుటివాడి కత్తి నేల మీద ఉండేది. బుర్రతో పని లేకుండా చేయి తన పని తాను చేసుకుపోయేది. అందుకే కోట వాకిలి దగ్గర కాపలా పెట్టారు. అక్కడ ఆలోచించాల్సింది పెద్దగా ఉండదు. ఒకసారి ఒక దొంగ మూటతో దొరికిపోయి, లోపల చెప్పులు మరిచిపోయానని, తెచ్చుకునేదాకా మూట పట్టుకోమని చెప్పి పోయాడు. నిదానం పొద్దు వాలేదాకా ఆ మూట పట్టుకుని నిలబడ్డాడు. దొంగ రాలేదు. "పాపం, చెప్పులు దొరకలేదేమో బావా" అన్నాడు నాతో. వాకిలి దాటే ముసలివాళ్ళ బరువులన్నీ వాడి భుజం మీదే పోయేవి. ఊళ్ళో వాడు అత్తా, పిన్నీ, తాతా అని పిలవని మనిషి లేడు.

వాడికి ఉన్నదల్లా ఒకటే భయం, ఎత్తు. మా అటక మీద తోళ్ళ కట్టలు ఉండేవి. పిలిస్తే పలికే మనిషే, నిచ్చెన పట్టుకోమంటే పట్టుకునేవాడు, ఎక్కమంటే మాత్రం ముఖం పాలిపోయేది. రెండో మెట్టు మీద కాళ్ళు వణుకుతూ నిలబడిపోతే నా భార్యే దింపేది. అంత కత్తివీరుడు నిచ్చెన మీద నుంచి అక్క చేయి పట్టుకుని దిగడం చూస్తే ఎవరికైనా నవ్వొస్తుంది. నేనూ నవ్వేవాడిని.

ఆ ఏడు చలికాలం ముందు కొండవతలి సైన్యం కనుమ దారి మూసేసింది. కనుమ మీద మా సైనికుల ఠాణా ఒకటి ఉంది. అది పడిపోతే శత్రువు తిన్నగా మా ఊరి మీదికి దిగుతాడు. నేల మీద దారి లేదు కాబట్టి ఠాణాకు మందులు, కబుర్లు మోసుకుపోవడానికి రెక్కల గుర్రాల రౌతులే దిక్కు. వెళ్ళిన రౌతుల్లో తిరిగి వచ్చేవాళ్ళు తగ్గిపోతూ వచ్చారు. గుర్రాలు మాత్రం వచ్చేవి, ఖాళీ జీనుతో.

రెక్కల గుర్రం సంగతి మా ఊళ్ళో నడక నేర్చిన పిల్లలకు కూడా తెలుసు. తన రౌతు ప్రాణాలతో ఉన్నంతకాలం అది జీను మీద ఇంకొకరి చేయి పడనివ్వదు, కరుస్తుంది. రౌతు పోయాడా, దాని ఒంటికి ఎలాగో తెలిసిపోతుంది, మెదలకుండా నిలబడుతుంది. అప్పుడు దాని వీపు మీంచి జీను ఎవరు దించితే వాళ్ళే దాని కొత్త రౌతు. ఇద్దరిలో ఒకరు పోయేదాకా ఆ ముడి విడదు. అందుకే గుర్రం ఒంటరిగా వచ్చిందంటే జనం తలుపులు వేసుకుంటారు. గుర్రాల సాల చూసుకునే పెద్దాయన వచ్చి, కొత్త రౌతుగా ఎంపికైన మనిషితో జీను దింపిస్తాడు. అందరికీ తెలిసిన విషయమే. నిదానానికీ తెలుసు.

ఒకరోజు పొద్దున నేను దుకాణంలో తోలు కోస్తున్నాను. నిదానం భుజం మీద ఒక జీను వేసుకుని వచ్చాడు. "బావా, దీని పొట్ట పట్టీ సరిగ్గా లేదు. దాని ఒంట్లోకి దిగిపోయి పుండు పడింది. కాస్త మెత్తగా కుట్టి పెట్టవా?" అన్నాడు.

"దేని ఒంట్లోకిరా?" అని తల ఎత్తాను. వాడి వెనక గుమ్మంలోంచి ఒక గోధుమరంగు గుర్రం తల లోపలికి పెట్టింది. దాని రెక్కలు గుమ్మానికి అడ్డం పడి గీసుకుంటున్నాయి. కత్తెర పక్కన పడేసి లేచాను.

"ఒరేయ్, ఎవరు దించార్రా ఆ జీను?"

"నేనే. వాకిలి దగ్గర నిలబడి ఉంది బావా. రక్తం కారుతోంది. చూడలేకపోయాను."

అంతలో నా భార్య లోపలి నుంచి వచ్చింది. గుర్రాన్ని చూసింది, తమ్ముడి భుజం మీద జీను చూసింది, గోడకు ఆనుకుని అలాగే కూలబడింది. వాడు అక్క ముఖం చూసి, నా ముఖం చూసి, మళ్ళీ గుర్రాన్ని చూసి ఆలోచనలో పడ్డాడు. చాలాసేపటికి వాడి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఇప్పటికైనా తలకెక్కిందనుకున్నాను. "అంటే దీని రౌతు చచ్చిపోయాడన్నమాట, పాపం" అన్నాడు. తన సంగతి వాడి బుర్రకు మధ్యాహ్నానికి గానీ అందలేదు.

ఆ గుర్రాన్ని వదిలించుకోవడానికి మేము చేయని పని లేదు. దానికి పీడ అని పేరు పెట్టింది నేనే. సాలకు తోలుకుపోతే మా కంటే ముందే ఇల్లు చేరింది. రౌతు పనికని ఎదురుచూస్తున్న ఒక మంచి కత్తివాడు ఉన్నాడు, దాన్ని నాకివ్వండి అని బతిమాలాడు. దగ్గరికి పోయేసరికి వాడి మోచేయి కరిచి వదిలింది. నిదానం దాని ముందు నిలబడి "వెళ్ళిపోవే, నాకు ఎగరడం రాదు, నీకు తగినవాణ్ణి కాను" అని దండం పెట్టాడు. అది వాడి చెవి నాకింది. నా దుకాణం కిటికీలోంచి తల దూర్చి, నెలంతా కూర్చుని కుట్టిన పగ్గాలు నమిలి పెట్టింది. నాకు తల ప్రాణం తోకకొచ్చింది. కానీ పగ్గాల కోసం కాదు నా ఏడుపు. ఆ గుర్రం ఇంట్లో ఉన్నంతసేపూ కొండ మా ఇంట్లో ఉన్నట్టే ఉండేది.

నా భార్య రౌతులను పంపే దళపతి ఇంటికి వెళ్ళింది. నేనూ వెంట ఉన్నాను. "అయ్యా, మావాడు అటక కూడా ఎక్కలేడు. రెండో మెట్టుకే వణికిపోతాడు. నేల మీద ఎక్కడికైనా పంపండి, ఎవరితోనైనా కొట్లాడతాడు. కొండ మీదికి వద్దు" అని ఆయన కాళ్ళ మీద పడబోయింది.

ఆయన ఆమెను పడనివ్వలేదు. "నిలబడమ్మా. సాలలో ఇప్పుడు ఎగరగలిగిన గుర్రం అదొక్కటే. ఠాణాలో మందు లేక గాయాలతో కుళ్ళిపోతున్నారు. ఇంకెవరైనా ఉంటే మీవాణ్ణి పంపేవాణ్ణి కాదు" అన్నాడు. తరవాత కిటికీ వైపు తిరిగి, "దాని మీద ఇంతకు ముందు వెళ్ళినవాడు మా తమ్ముడే" అన్నాడు. నా భార్య తల వంచుకుని బయటికి నడిచింది. ఇంటికి వచ్చేదాకా నా చేయి వదలలేదు.

ఎగరడం నేర్పడానికి కోట వెనక మైదానంలోకి తీసుకుపోయారు. పీడ కోట గోడ దాటేంత ఎత్తు లేచిందో లేదో నిదానం దాని మెడను రెండు చేతులా కావలించుకుని కళ్ళు మూసుకున్నాడు. దిగాక గడ్డిలో బోర్లా పడుకుని నేలను పట్టుకున్నాడు. పొద్దున తిన్నదంతా బయటికి వచ్చింది. చూసేవాళ్ళు మొదట నవ్వారు. మర్నాడూ అలాగే అయ్యేసరికి ఎవరూ నవ్వలేదు. నేర్పేవాడు తల అడ్డంగా ఊపి, "ఇతన్ని కూర్చోబెట్టడం కాదు, కట్టేయాలి" అన్నాడు.

ఆ మాట వాడు పట్టుకున్నాడు. "బావా, నన్ను జీనుకు కట్టేసేలా పట్టీలు కుట్టు. జారిపోనని తెలిస్తే భయం తగ్గుతుందేమో" అన్నాడు.

కుట్టాను. నడుముకు ఒకటి, తొడలకు, భుజాల మీదుగా వెనక్కి. రెట్టింపు తోలు వేసి, మైనం పట్టించిన దారంతో, దబ్బనం నా అరచేతిలో దిగబడుతున్నా ఆపకుండా కుట్టాను. జన్మలో అంత గట్టి పని చేయలేదు. ముసలి గుర్రం, ఒక్కరిని మించి మోయలేదని సాల పెద్దాయన చెబితే జీను తేలిక చేయడానికి పక్కల తోలు కోసేశాను. ఒక్క మనిషి పట్టేంత జీను అది. నా భార్య పక్కన కూర్చుని వాడి ఉన్ని అంగీకి లోపల ఇంకో పొర వేసి కుట్టింది.

బయలుదేరే పొద్దున వాడిని జీనుకు కట్టింది నేనే. వాడు వీపు మీదే ఉన్నాడు కాబట్టి పీడ నన్ను కరవకుండా ఊరుకుంది.

"బావా, కింద చూస్తే ప్రాణం పోతుంది. ఏం చేయను?"

"కళ్ళకు గంతలు కట్టుకో."

"మరి దారెలా తెలుస్తుంది?"

"దారి దానికి తెలుసురా. ఎన్నిసార్లు పోయి వచ్చిందో."

వాడు ఆలోచించాడు. ఎందుకో ఆ రోజు తొందరగానే ఆలోచించాడు. "దారి దానికే తెలిస్తే, మరి నేనెందుకు బావా?"

మనిషి లేకుండా అది కొండ మీదికి పోదు. అంతే. దానికి వీపు మీద ఒక మనిషి కావాలి, ఆ మనిషి వీడై కూర్చున్నాడు. "నోరు మూసుకుని జాగ్రత్తగా పోయి రా" అని కసిరాను. వాడితో నేను ఆఖరున అన్న మాట అది. వాళ్ళక్క వాడి కళ్ళకు గుడ్డ కట్టింది. "అక్కా, గట్టిగా కట్టు" అన్నాడు వాడు. పీడ పరుగెత్తి లేచింది. గంతల కింద వాడు పళ్ళు బిగించి ఉండడం కనబడింది, తరవాత ఏమీ కనబడలేదు.

ఆ వారం మా ఇంట్లో పొయ్యి వెలిగిందో లేదో నాకు గుర్తు లేదు. గాలి వీచి తలుపు కదిలినా నా భార్య వీధిలోకి పరుగెత్తేది. ఒక మధ్యాహ్నం సాల వైపు నుంచి అరుపులు వినబడ్డాయి. ఇద్దరం పరుగెత్తాం. పీడ దిగుతోంది. ఒక రెక్కలో బాణం ఉంది. జీను మీద మనిషి ఉన్నాడు. ఉన్ని అంగీ దూరం నుంచే గుర్తుపట్టింది నా భార్య. "వచ్చాడు, నా తండ్రి వచ్చాడు" అని ఏడుస్తూ నవ్వుతూ ముందుకు ఉరికింది. దగ్గరికి పోయి ఆగిపోయింది.

అంగీ వాడిదే. మనిషి వాడు కాదు. మధ్యవయసు వాడెవడో, కాలు మోకాలి కింద నల్లగా వాచిపోయి ఉంది.

ఠాణాలో వంటవాడట. పట్టీలు కోసి కిందికి దింపి, నీళ్ళు పట్టించాక చెప్పాడు. నిదానం కళ్ళకు గంతలతో దిగుతుంటే గోడ మీదున్నవాళ్ళంతా ఎన్నాళ్ళకో నవ్వారట. మందులు అందించాడు, అందరినీ వరసలు కలిపి పలకరించాడు. మర్నాడు తిరిగి పోవాలని ఠాణా పెద్ద చెప్పేసరికి వాడికి మళ్ళీ వణుకు పుట్టింది. వంటవాడి కాలు చూశాడు. గుర్రాన్ని చూశాడు. పొద్దంతా మూల కూర్చుని ఆలోచించాడు. చివరికి ఎగిరి గంతేశాడట.

"నా బదులు ఈ మామను పంపితే సరి, నేను ఎగరక్కర్లేదు కదా అన్నాడయ్యా" అన్నాడు వంటవాడు. "గుర్రం ఒప్పుకోదంటే తన అంగీ నాకు తొడిగాడు. తానే నన్ను కట్టాడు. దాని చెవిలో ఏదో చెప్పుకున్నాడు. మంచు కరిగాక నడిచి వచ్చేస్తానని మీకు చెప్పమన్నాడు. ఈసారి అందరికంటే ముందు నాకే తట్టిందని మా బావకు చెప్పండి అన్నాడు. అంత సంతోషపడే మనిషిని నేను చూడలేదు."

"మంచు కరిగేదాకా ఠాణా నిలుస్తుందా?" అని అడిగాను.

వంటవాడు నా కళ్ళలోకి చూడలేదు. "ఉత్తరపు గోడ సగం పోయిందయ్యా. నిలవదని అక్కడ అందరికీ తెలుసు."

"వాడికి చెప్పారా?"

"లేదు."

"ఎందుకు చెప్పలేదు?"

"చెబితే నన్ను దింపేస్తాడేమోనని భయమేసింది" అని వంటవాడు ఏడ్చాడు.

నేను వాడి గుండెల మీద అంగీ పట్టుకుని పైకి లాగాను. చంపేసేవాడినేమో. నా పిడికిట్లో నా భార్య కుట్టిన కుట్టు తగిలింది. వదిలేశాను.

సాల పెద్దాయన అప్పటికే పీడ దగ్గరికి వెళ్ళాడు. జీను మీద చేయి వేయగానే అది ఆయన వేళ్ళు పట్టుకుని కరిచింది. ఆయన చేయి దులుపుకుంటూ నా భార్య వైపు తిరిగాడు. "కరిచిందమ్మా. బతికే ఉన్నాడు" అన్నాడు.

అప్పటి నుంచి మాకు అదే కబురు. ప్రతి పొద్దునా నా భార్య సాలకు పోయి జీను మీద చేయి వేసేది. పీడ కరిచేది. చేతికి గుడ్డ చుట్టుకోమంటే ఒప్పుకునేది కాదు, గుడ్డ ఉంటే సరిగ్గా తెలియదనేది. కమిలిన చేయి పైకెత్తి పట్టుకుని ఇంటికి వచ్చేది. "కరిచిందండీ! ఈరోజు ఇంకా గట్టిగా కరిచింది" అని చూపించేది. నేను ఆ చేతికి మందు రాస్తుంటే ఇద్దరం ఆనందపడేవాళ్ళం. ఇంతకంటే దిక్కుమాలిన ఆనందం ఏ ఇంట్లోనూ ఉండి ఉండదు. వీధిలో వాళ్ళు కూడా "ఈరోజు కరిచిందా అమ్మా?" అని అడిగేవారు. కరిచిందంటే వాళ్ళ ముఖాలు వికసించేవి.

నేను ఒక నిర్ణయానికి వచ్చాను. రెక్క మానితే ఆ అంగీ తొడుక్కుని నేనే వెళ్ళి వాడిని తీసుకొస్తాను. వంటవాణ్ణి మోసిన గుర్రం నన్ను మాత్రం ఎందుకు మోయదు? వాడిని జీనుకు కట్టి పంపేసి, నా సంగతి తరవాత చూసుకుంటాను. నా భార్యకు మొదటి సగమే చెప్పాను. ఆమె నా ముఖం చూసి రెండో సగం కూడా తెలుసుకున్నట్టే ఉంది. వద్దనలేదు. తమ్ముడు ఒక పక్క, మొగుడు ఒక పక్క, ఆమె ఏమని అనగలదు? సాల పెద్దాయన రోజూ దూరం నుంచే పొడుగు కర్రతో రెక్కకు మందు పూసేవాడు. జీను కింద మళ్ళీ పుండు పడుతోందని తెలుసు, తీసేవాడు లేడు.

ఒకరోజు పీడ రెక్కలు పూర్తిగా చాచి విదిలించింది. సాల పెద్దాయన కబురు పంపాడు, రేపు ఎగరగలదని. దళపతి ఒప్పుకున్నాడు. మర్నాడు తెల్లవారి నేను వాడి అంగీ తొడుక్కున్నాను. నాకు వదులు, మోకాళ్ళ దాకా వచ్చింది. నా భార్య మందుల మూట కట్టింది. ఆ పొద్దున ఆమెకు జ్వరం, చేయి బాగా వాచింది. "మీరు ముందు నడవండి, నెమ్మదిగా వస్తాను. ఎక్కే ముందు జీను మీద చేయి వేసి చూడండి" అంది.

సాలలో ఎవరూ లేరు. పీడ గోడ వైపు తల పెట్టుకుని నిలబడి ఉంది. నేను మందుల మూట పక్కన పెట్టి, చేయి చాచి జీను పట్టుకున్నాను.

కరవలేదు.

అంగీ వల్ల అనుకున్నాను. వాడి వాసన కదా, అందుకే ఊరుకుందనుకున్నాను. వంటవాణ్ణి కూడా కరవలేదు కదా. గబగబా అంగీ విప్పి గడ్డి మీద పారేశాను. లోపలి చొక్కా కూడా విప్పేశాను. ఆ చలిలో వట్టి ఒంటితో మళ్ళీ వెళ్ళి జీను పట్టుకున్నాను, గట్టిగా లాగాను. అది కదలలేదు. "కరవవే" అన్నాను. "పీడా, నీ కాళ్ళు పట్టుకుంటానే, ఒక్కసారి కరిచెయ్యవే." దాని పెదవులు విప్పి పళ్ళ మధ్య నా చేయి పెట్టాను. అది నోరు తెరిచి నా చేయి వదిలేసి, తల తెచ్చి నా భుజం మీద పెట్టుకుంది.

వెనక్కి తిరిగితే నా భార్య గుమ్మంలో ఉంది. ఎంతసేపటి నుంచి ఉందో తెలియదు. గడ్డి మీది అంగీ తీసుకుని, దులిపి, నా భుజాల మీద కప్పింది.

"తొడుక్కోండి, చలిగా ఉంది" అంది. ఆ తరవాత ఆ గడ్డిలోనే కూర్చుని తమ్ముణ్ణి చిన్నప్పుడు పిలిచినట్టు పిలుస్తూ ఏడవడం మొదలుపెట్టింది.